ఇండెంట్ నుంచి కేస్ షీట్ దాకా ఒకే నంబరు

ఆసుపత్రి స్టాక్ రిజిస్టర్‌లో ‘ఇన్సులిన్ సిరంజి, 1 ఎంఎల్’ అని ఒకే పంక్తి ఉంటుంది. ఆ పంక్తి కిందికి రెండు వేర్వేరు వస్తువులు రావచ్చు. ఒకటి యు–40 ఇన్సులిన్‌కు (ఒక ఎంఎల్‌లో 40 యూనిట్లు) గీతలు వేసినది, రెండోది యు–100కు (ఒక ఎంఎల్‌లో 100 యూనిట్లు). చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి. యు–100 ఇన్సులిన్‌ను యు–40 సిరంజిలో 40 గీత దాకా తీస్తే రోగి ఒంట్లోకి వెళ్లేది 40 యూనిట్లు కాదు, 100 యూనిట్లు. అంటే రెండున్నర రెట్లు. రక్తంలో చక్కెర పడిపోయి మనిషి స్పృహ తప్పడానికి అది చాలు. ప్రాణం మీదికి రావడానికీ చాలు. అలాంటిది జరిగినప్పుడు అందరి చూపూ సూది వేసిన నర్సు మీదే పడుతుంది. కానీ కావాల్సిన వస్తువుల కోసం వార్డు పంపిన ఇండెంట్‌ పత్రంలో ఏ సిరంజో రాయలేదు. కొనుగోలు ఆర్డర్‌లోనూ రాయలేదు. సరఫరాదారు బిల్లు మీద ఉన్నది ఆయన సొంత కోడ్. తప్పు బయటపడేది వార్డులో, పుట్టేది మాత్రం కొనుగోలు కాగితంలో.

ఆసుపత్రుల్లో వాడే ప్రతి వస్తువుకూ ఇదే ఇబ్బంది. ఒకే క్యాథెటర్‌కు తయారీదారు ఒక నంబరు ఇస్తాడు, డిస్ట్రిబ్యూటర్ ఇంకో నంబరు పెట్టుకుంటాడు. ఆసుపత్రి స్టోర్‌లో మూడో కోడ్, బిల్లింగ్ కౌంటర్‌లో నాలుగో కోడ్. ఈ నాలుగూ ఒకే వస్తువువని తెలిసిన మనిషి స్టోర్‌లో ఒక్కరే ఉంటారు. ఆ ఫార్మసిస్టు సెలవు పెట్టిన రోజు అందరికీ టెన్షనే.

దీనివల్ల డబ్బు ఎలా పోతుందో 2011లో బ్రిటన్ జాతీయ ఆడిట్ కార్యాలయం లెక్క తీసి చూపించింది. ఇంగ్లండ్‌లో ప్రభుత్వ ఆసుపత్రులను నడిపే 61 ట్రస్టుల కొనుగోళ్లను పరిశీలిస్తే 652 రకాల గ్లోవ్స్, 1,751 రకాల క్యాన్యులాలు (నరంలోకి పెట్టే సన్నని గొట్టాలు) కొంటున్నట్టు తేలింది. రోగులకు నిజంగా అన్ని రకాలు అవసరమై కాదు. ఎవరు ఏం కొంటున్నారో, ఎంతకు కొంటున్నారో పక్కపక్కన పెట్టి చూసే వీలు లేక. ఒకరు పెట్టె లెక్కన కొంటారు, ఒకరు విడి లెక్కన కొంటారు. ‘10’ అని ఆర్డర్ పెడితే 10 సిరంజిలు రావచ్చు, వందేసి ఉన్న 10 పెట్టెలూ రావచ్చు. వస్తువుకు అందరూ ఒప్పుకున్న ఒకే గుర్తింపు లేకపోతే ధర పోల్చడం, అందరి అవసరాన్నీ కలిపి బేరం ఆడటం మాటల్లోనే మిగిలిపోతాయి.

అలాంటి గుర్తింపు కొత్తగా కనిపెట్టాల్సిన పని లేదు. బార్‌కోడ్ ప్రమాణాలు రూపొందించే అంతర్జాతీయ సంస్థ జీఎస్1 ప్రమాణంలో 14 అంకెల వస్తువు నంబరు ఉంది. విడి సిరంజికి ఒకటి, వంద ఉన్న పెట్టెకు ఇంకొకటి, కార్టన్‌కు మరొకటి. కాబట్టి విడిదా, పెట్టెనా అన్న సందేహం ఉండదు. ఆ నంబరులో చివరిది తనిఖీ అంకె. ముందున్న 13 అంకెలను ఒకదాన్ని 3తో, తర్వాతి దాన్ని 1తో, అలా మార్చి మార్చి గుణించి కూడతారు. ఆ మొత్తాన్ని తర్వాతి పదికి చేర్చే అంకె అది. టైప్ చేసేటప్పుడు ఒక్క అంకె తప్పు పడినా కంప్యూటర్ అక్కడే ఆపేస్తుంది. నంబరు వెంట బ్యాచ్, ఎక్స్‌పైరీ, అవసరమైతే సీరియల్ నంబరు కూడా అదే చిన్న చదరపు కోడ్‌లో ఇముడుతాయి. 03/04/27 అని రాస్తే కొన్ని దేశాల్లో ఏప్రిల్ 3, కొన్ని దేశాల్లో మార్చి 4. కోడ్‌లో ముందు సంవత్సరం, తర్వాత నెల, ఆ తర్వాత రోజు. ఎక్కడ స్కాన్ చేసినా ఒకటే అర్థం.

రక్తనిధులు ఈ దారిలో ఎప్పుడో నడిచాయి. 1994లో రూపొందిన ఐఎస్‌బీటీ 128 ప్రమాణం ప్రకారం ఒక రక్తదానానికి ఇచ్చిన నంబరు వందేళ్ల దాకా ప్రపంచంలో మరే రక్తదానానికీ రాదు. రక్తం విషయంలో ఇంత పట్టింపు ఉన్నప్పుడు గుండెలో పెట్టే స్టెంట్ విషయంలో ఎందుకు ఉండకూడదు?

చట్టాలు వచ్చాయి. వైద్య పరికరాల మీద విశిష్ట గుర్తింపు కోడ్ ఉండాలని అమెరికా 2013లో నిబంధన తెచ్చింది. ఐరోపా సమాఖ్యలో కొత్త పరికరాల నిబంధనలు 2021 మే 26 నుంచి అమలవుతున్నాయి. మందుల ప్యాకెట్‌కు విడి సీరియల్ నంబరు, రోగికి ఇచ్చే ముందు దాని తనిఖీ అక్కడ 2019 ఫిబ్రవరి 9న మొదలయ్యాయి. భారత్‌లో 2023 ఆగస్టు 1 నుంచి 300 బ్రాండ్ల మందుల మీద బార్‌కోడ్ గానీ క్యూఆర్ కోడ్ గానీ తప్పనిసరి. ఇవన్నీ మంచి పనులే. అయినా ఇవి చాలవని మా అభిప్రాయం. ఎందుకంటే ఈ చట్టాల బరువంతా ప్రధానంగా తయారీదారు మీద, అమ్మేవాళ్ల మీద ఉంది. పెట్టె మీద కోడ్ వస్తోంది, ఆసుపత్రి గేటు దాటాక దాన్ని చదివేవాళ్లు ఉండటం లేదు. ఆపరేషన్ థియేటర్‌లో ప్యాకెట్ చింపుతారు, ఇంప్లాంట్ లోపలికి వెళ్తుంది, కోడ్ ఉన్న కవరు చెత్తబుట్టలోకి వెళ్తుంది.

ఆ కవరుతో పాటు ఏం పోతుందో పీఐపీ అనే ఫ్రెంచ్ కంపెనీ ఉదంతం చెబుతుంది. రొమ్ము ఇంప్లాంట్లలో వైద్య అవసరాలకు పనికిరాని పారిశ్రామిక సిలికాన్ నింపుతోందని తేలడంతో 2010లో ఆ కంపెనీ ఉత్పత్తులను మార్కెట్ నుంచి తీసేశారు. అప్పటికే ప్రపంచవ్యాప్తంగా సుమారు మూడు లక్షల మంది మహిళలు వాటిని పెట్టించుకున్నారు. తమ ఒంట్లో ఉన్నది ఆ కంపెనీదో కాదో చాలామందికి తెలియదు. ఆపరేషన్ చేసిన క్లినిక్‌కు ఫోన్ చేస్తే రికార్డు లేదనో, క్లినిక్కే మూతపడిందనో జవాబు. ఇంగ్లండ్‌లో ఇలాంటి ఇంప్లాంట్ల నమోదు 2006లో ఆగిపోయింది. ఈ ఉదంతం తర్వాత, 2016లో గానీ మళ్లీ మొదలుకాలేదు. ఆ ఆడవాళ్లు పడిన బాధలో కొంత చెడ్డ సిలికాన్ వల్ల వచ్చింది. ఏళ్ల తరబడి తెలియకపోవడం వల్ల వచ్చిన భయం మాత్రం రికార్డు లేకపోవడం వల్ల వచ్చింది. దాన్ని ఆపగలిగి ఉండేవాళ్లం.

అందుకే ఒత్తిడి కొనేవాళ్ల వైపు నుంచి రావాలని మేము గట్టిగా కోరుతున్నాం. ఆసుపత్రులు, ప్రభుత్వ కొనుగోలు సంస్థలు టెండర్ రాసే పద్ధతి మారాలి. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. టెండర్ ప్రకటనలోనే ఫలానా నంబరు గల వస్తువు కావాలని రాస్తే అది ఒకే కంపెనీకి తలుపు తీసినట్టవుతుంది. టెండర్‌లో ఉండాల్సింది అందరికీ వర్తించే రకం పేరు, కొలతలు, నాణ్యత షరతులు. కంపెనీ తన బిడ్‌లో వస్తువు నంబరును, ప్రతి ప్యాకింగ్ స్థాయికి ఉన్న నంబరును రాసి ఇవ్వాలి. కాంట్రాక్టు మీద సంతకం అయ్యాక ఆ నంబర్లకు ఇద్దరూ కట్టుబడాలి. సరుకు దిగిన రోజు స్టోర్‌లో స్కాన్ చేయాలి, ఒప్పందంలో లేని నంబరు కనిపిస్తే లారీ వెనక్కి పోవాలి. వస్తువు పనితీరును మార్చేలా మార్పులు చేసినప్పుడు కంపెనీ కొత్త నంబరు తీసుకోవాలని జీఎస్1 నియమాలు చెబుతున్నాయి. వైద్య రంగంలో ఒకసారి వాడిన నంబరును మరో వస్తువుకు ఇవ్వకూడదు కూడా. కాబట్టి నమూనాగా ఒకటి చూపించి, ఆరు నెలలయ్యాక చడీచప్పుడు లేకుండా మరొకటి పంపడం కుదరదు. పేరు మీద నడిచే కాంట్రాక్టులో ఆ రక్షణ లేదు.

చిన్న తయారీదారులకు ఇది భారమే, కాదనలేం. ప్రింటర్లు, నంబర్ల రుసుము, డేటా నమోదు చేసే మనిషి, అన్నిటికీ ఖర్చే. వాళ్లకు గడువు ఇవ్వాలి, మొదట్లో కొనుగోలు సంస్థలే సాయం చేయాలి. నర్సుల అభ్యంతరం ఇంకా బలమైనది. స్టాక్‌కు ఒకసారి, బిల్లుకు ఒకసారి, కేస్ షీట్‌కు మరోసారి మూడు స్క్రీన్ల మీద స్కాన్ చేయమంటే వాళ్లు చేయరు, చేయకపోవడమే న్యాయం. ఒక్క స్కాన్‌తో మూడు పనులూ జరగాలి. అలా చేస్తే సమయం కలిసొస్తుంది కూడా. ఇంగ్లండ్‌లో 2016లో ఆరు ట్రస్టుల్లో మొదలైన స్కాన్‌ఫర్‌సేఫ్టీ కార్యక్రమం వైద్య సిబ్బందికి లక్షా 40 వేల గంటలు మిగిల్చిందని దాని నివేదిక చెప్పింది.

తేలిగ్గా తెగని చిక్కులూ ఉన్నాయి. ఎముకలకు వేసే స్క్రూలు చాలాచోట్ల విడి ప్యాకెట్లలో రావు. ట్రేలో గుత్తగా ఉంటాయి, వాడగా మిగిలినవాటిని మళ్లీ స్టెరిలైజ్ చేస్తారు. మిల్లీమీటర్లలో ఉండే స్క్రూ తల మీద కోడ్ ఎలా చెక్కాలి, చెక్కినా రక్తం అంటిన చేతుల మధ్య ఎలా చదవాలి? సర్జన్లు, ఆపరేషన్ థియేటర్ సిబ్బంది కూర్చుని ట్రే స్థాయిలో దీనికి పద్ధతి తేల్చాలి. దీన్ని సాకుగా చూపి స్టెంట్లు, పేస్‌మేకర్లు, కీళ్ల ఇంప్లాంట్ల పని ఆపకూడదు. అవి విడి ప్యాకెట్లలో, కోడ్‌తోనే వస్తున్నాయి. మొదలుపెట్టాల్సింది వాటితోనే.

ఇంకో అపోహ. ప్రామాణికం చేయడమంటే ఒక్క కంపెనీ దగ్గరే కొనడం అనుకునేవాళ్లున్నారు. 2024 సెప్టెంబరులో హెలీన్ తుఫాను వరదకు అమెరికాలోని నార్త్ కరోలినాలో ఒక ఫ్యాక్టరీ మునిగింది. ఆ దేశంలో వాడే ఐవీ ఫ్లూయిడ్స్‌లో (నరంలోకి ఎక్కించే సెలైన్ లాంటి ద్రవాలు) సుమారు 60 శాతం అప్పట్లో అక్కడే తయారయ్యేవి. ఎక్కడెక్కడో ఆసుపత్రులు ఆపరేషన్లు వాయిదా వేసుకున్నాయి. కాంట్రాక్టులు ఇద్దరు ముగ్గురికి ఉండాలి. ఒకరి సరుకు ఆగినప్పుడు దానికి సరిసమానమైనది ఏ గోదాములో ఎంత ఉందో వెతకాలన్నా ఈ నంబర్లే ఆధారం.

ఐరోపా నిబంధనల్లో మరో మంచి అంశం ఉంది. ఒంట్లో పెట్టే పరికరాల్లో ఎక్కువ వాటికి దాని వివరాలున్న కార్డును రోగికి ఇవ్వాలి. ఆ కార్డును ప్రతి దేశం తన చట్టంలో చేర్చాలని, ఆసుపత్రులు చట్టం కోసం ఎదురుచూడకుండా డిశ్చార్జి కాగితాలతో పాటే ఇవ్వాలని మేము కోరుతున్నాం. క్లినిక్ మూతపడినా, డాక్టర్ ఊరు మారినా, కంప్యూటర్ పాడైనా కార్డు రోగి దగ్గరే ఉంటుంది. లోపమున్న వస్తువుల రీకాల్ ప్రకటన వచ్చిన రోజు అందులోని నంబరును తన కార్డు మీది నంబరుతో రోగి ఇంట్లోనే కూర్చుని పోల్చి చూసుకోవచ్చు.