పరవూర్ సినగాగ్: అసలు ప్రదర్శన నడవలోనే ఉంది

కేరళలోని ఉత్తర పరవూర్‌లో ఉన్న యూదుల ప్రార్థనాలయమైన సినగాగ్‌లో ధర్మశాస్త్రపు చుట్టలు ఉంచే చెక్క మందసం ఇప్పుడు నకలు మాత్రమే. అసలుది జెరూసలేంలోని ఇజ్రాయెల్ మ్యూజియానికి చేరింది. అది లేనిదే చూడ్డానికేముంది అనుకునేవాళ్లు వీధి గుమ్మం దగ్గరే పొరపడుతున్నారు.

ఇక్కడి హీబ్రూ శాసనం మీద తేదీ 1616. కట్టడం తూర్పు నుంచి పడమరకు సాగుతుంది: రెండంతస్తుల ద్వారగృహం, ప్రాకారం లోపలి వాకిలి, స్తంభాల నడవ, 'అజారా' అనే ముందుగది, ఆపైన ప్రార్థన మందిరం. ద్వారగృహాన్ని చూస్తే మలయాళ దేశపు పడిప్పుర (ఇంటి ఆవరణ ముందుండే కప్పున్న ప్రవేశద్వారం) గుర్తొస్తుంది. పనితనమూ స్థానికమే: లాటరైట్ అనే ఎర్రటి రాయి, సున్నం, టేకు, పెంకుల కప్పు. మందసం పడమటి గోడకు ఉండటానికి కారణం జెరూసలేం అటువైపు ఉండటం.

కేరళ సినగాగుల ప్రత్యేకత పైఅంతస్తులో ఉంది. కింద మందిరం నడుమ 'తేబా' అనే పఠన వేదిక ఉంటుంది. అజారా పైనున్న మేడలో రెండోది. యూదుల వారపు విశ్రాంతి దినమైన సబ్బాతు రోజుల్లో, పండగలప్పుడు ధర్మశాస్త్రం చదివేది పైనుంచే. దాని వెనక జాలీ చాటున ఆడవాళ్లు కూర్చునేవారు. వేరేచోట్ల దూరంగా ఉంచే ఆడవాళ్ల మేడ ఇక్కడ పఠనానికి ఆనుకునే ఉంది. ఈ సంగతి ఏ మందసమూ చెప్పలేదు.

సామూహిక ప్రార్థనకు పదిమంది వయోజన పురుషులుండాలి. 1950ల్లో కుటుంబాలు ఇజ్రాయెల్‌కు తరలిపోయాక ఆ లెక్క కుదరలేదు. అలా వదిలేసిన కట్టడానికి మొదటి శత్రువు వాననీరే. ఒక్క పెంకు జారినా గోడ తలభాగం నానుతుంది, దూలం కొస పుచ్చుతుంది. సిమెంటు పూస్తే ఇంకా చేటు: లాటరైట్ పీల్చిన తేమ బయటికి పోలేదు, లోపలి లవణాలు పూతను పెచ్చులుగా ఊడదీస్తాయి. సున్నమైతే గోడ ఆరుతుంది. ముందు కప్పు, తర్వాత నీరు పోయే దారి, చివరికే పూత.

కొచ్చిలోని మట్టంచేరిలో ఉన్న కడవుంభాగం సినగాగ్ లోపలి చెక్కపని కూడా జెరూసలేంకే వెళ్లింది. గోదాముగా మారిన దాని గోడలు 2019 వానలకు కూలాయి. పరవూర్ మాత్రం ప్రాచీన రేవు ముజిరిస్ పేరు పెట్టిన వారసత్వ ప్రాజెక్టు కింద మరమ్మతు పొంది, 2014లో మ్యూజియంగా తెరుచుకుంది.