సవరణ: గుండ్లకమ్మ బాప్తిస్మాల గురించి

ఒంగోలు బాప్టిస్టు సంఘంపై ఇంతకుముందు పెట్టిన పోస్టులో, 1878 జులై 3న అమెరికన్ మిషనరీ జాన్ క్లౌ దొర ఒక్కడే ఒంగోలులో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చాడని ఉంది. తేదీ, సంఖ్య సరైనవే. చోటు మాత్రం వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నది. నీళ్లలో నిలబడి ఇచ్చింది దొర కాదు, ఆరుగురు తెలుగు బోధకులు. ఇద్దరిద్దరు చొప్పున వంతులు మారారు. చెప్పుకోవాల్సింది వీళ్ల గురించే, కానీ పేరంతా దొరకే పోయింది.

ఇంకోటి. 1876–78 కరువు రోజుల్లో క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి పని ఇప్పించిన మాట నిజమే. అయితే కూటి కోసం సంఘంలో చేరారనే మాట రాకూడదని, దాదాపు 15 నెలలు బాప్తిస్మాలు ఆపేశారు. 1867 జనవరి 1న ఈ సంఘం మొదలైనప్పుడు సభ్యులు ఎనిమిది మందే.