ఎక్స్‌ఎంఎల్ మతత్రయ నిర్ణయం

టాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్ నుంచి ఓచర్లను (లావాదేవీల నమోదులను) ఎక్స్‌ఎంఎల్‌గా, అంటే ట్యాగుల మధ్య సమాచారం పెట్టిన ఫైలుగా, దించుకుని జావా ప్రోగ్రాములో ఆబ్జెక్టులుగా మార్చాలి. ముందు ఆ ఫైలేదో తెరిచి చూడమని కొందరు అవివేకులు సలహా ఇస్తారు. వినకండి. తెరిస్తే పది నిమిషాల్లో సంగతి తెలిసిపోతుంది, ఇక మీటింగుల్లో మాట్లాడుకోవడానికి ఏమీ మిగలదు. శాస్త్రం ప్రకారం ముందు మతం తేల్చుకోవాలి, అంటే ఫైలు చదివే జావా పద్ధతుల్లో డామా, శాక్సా, జాక్స్‌బీయా అని.

డామ్ వారు అద్వైతులు. ఫైలంతా ఒకటే చెట్టు, ఆ చెట్టంతా మెమరీలో ఉండాలి. ఫైలు 300 ఎంబీ ఉంటే చెట్టు దానికి కొన్ని రెట్లు పెరుగుతుంది. అప్పుడు హీప్ (జావాకు కేటాయించిన మెమరీ) పెంచమని సర్వర్ల వారిని వేడుకోవాలి. మొదటి పిల్ల నోడ్ (చెట్టులో కొమ్మ) అడిగితే ట్యాగు రాదు, రెండు ట్యాగుల మధ్య ఉన్న ఖాళీ వస్తుంది. సర్వం బ్రహ్మమయం అన్నాక ఖాళీ మాత్రం కాదా?

శాక్స్ వారు క్షణికవాదులు. ట్యాగు తెరుచుకుంది, అక్షరాలు వచ్చాయి, ట్యాగు మూసుకుంది. ఏదీ నిలవదు, గుర్తుంచుకోవడం మీ కర్మ. పైగా వీరి క్యారెక్టర్స్ మెథడ్ (అక్షరాలు అందించే ఫంక్షన్), ఒక ట్యాగులోని మాటంతా ఒకేసారి ఇస్తానని ఎన్నడూ ఒప్పుకోలేదు. "శ్రీలక్ష్మి ట్రేడర్స్ & కో" అన్న లెడ్జరు పేరు మధ్యలో ఆ గుర్తు (ఎక్స్‌ఎంఎల్‌లో "&" రాసే తీరు) దగ్గర విరిగి మూడు ముక్కలుగా వస్తుంది. ట్యాగు తెరిచినప్పుడు స్ట్రింగ్‌బిల్డర్ (అక్షరాలు పోగేసే డబ్బా) ఖాళీ చేసి, ముక్కలన్నీ అందులో చేర్చి, మూసినప్పుడు చదువుకోవాలి. అలా కాకుండా వచ్చిన ముక్కను వచ్చినట్టే వేరియబుల్‌లో వేసుకున్నవారికి చివరిదే మిగులుతుంది. డేటాబేసులో ఆ పార్టీ పేరు "కో". బాకీ మాత్రం పైసలతో సహా సరిగ్గానే ఉంటుంది, వసూలుకు ఎవరింటికి వెళ్ళాలన్నదే ప్రశ్న.

జాక్స్‌బీ వారు ద్వైతులు. ఎక్స్‌ఎంఎల్ వేరు, ఆబ్జెక్టు వేరు, రెంటికీ నడుమ అనోటేషన్ (ఏ ట్యాగు ఏ ఫీల్డుకో చెప్పే గుర్తు) అనే భక్తి. ఈ మతం జావా 6తో ప్రామాణికమై, 2018లో జావా 11 వచ్చేసరికి ఇంట్లోంచి గెంటివేతకు గురైంది, ఇప్పుడు లైబ్రరీ వేరే తెచ్చుకోవాలి. ఆ తర్వాత ప్యాకేజీ పేరు కూడా జావాఎక్స్ పోయి జకార్తా అయింది. పాత అనోటేషన్లు పెట్టి కొత్త లైబ్రరీ తెస్తే, అది వాటిని చూడనైనా చూడదు.

ద్వైతులు వేదప్రమాణం అడుగుతారు, దాని పేరు ఎక్స్‌ఎస్‌డీ (ఏ ట్యాగులు ఎక్కడ ఉండాలో చెప్పే నియమావళి). టాలీ ఎగుమతి వెంట అది రాదు. పర్వాలేదు, చేతికందిన ఒక్క ఓచరు నుంచి వేదాన్ని మనమే పుట్టించుకోవచ్చు! ఆ ఒక్కటీ జర్నల్ ఓచరు అయితే పద్దులు ఆల్‌లెడ్జర్‌ఎంట్రీస్ లిస్టు అనే ట్యాగులో ఉంటాయి. ఇన్వాయిస్ పద్ధతిలో కొట్టిన అమ్మకం ఓచర్లో మాత్రం అవి లెడ్జర్‌ఎంట్రీస్ లిస్టు కింద ఉంటాయి. తెలియని ట్యాగు ఎదురైతే జాక్స్‌బీ మామూలుగా నోరెత్తదు. ఎర్రరు లేదు, లాగులో అక్షరం లేదు, పద్దుల్లేని ఓచరొకటి మాత్రం చేతికొస్తుంది. అన్‌మార్షలర్‌కి (ఎక్స్‌ఎంఎల్‌ని ఆబ్జెక్టుగా మార్చే భాగానికి) సొంత ఈవెంట్ హ్యాండ్లర్ (ఫిర్యాదులు వినే కోడు) తగిలించి, ఫిర్యాదు రాగానే ఫాల్స్ తిరిగిచ్చేలా రాస్తే అక్కడే ఆగుతుంది. కానీ అంత అనుమానం భక్తులకు తగదని పెద్దలు దాన్ని వదిలేస్తారు.

వాదాలు ముగిసి, డిజైన్ పత్రం మీద సంతకాలయ్యాక అసలు ఫైలు వస్తుంది. మూడు మతాల వారూ ఒకే లైను దగ్గర పడిపోతారు. టాలీ కొన్ని విలువల ముందు, ఉదాహరణకు "ప్రైమరీ" అన్న మాట ముందు, "" అని పెడుతుంది. అది సూచించే నాలుగో నంబరు అక్షరం ఎక్స్‌ఎంఎల్ 1.0లో నిషిద్ధం. మతాలెన్నైనా అడుగున పని చేసేది పార్సరే (ట్యాగులు చదివే ప్రోగ్రామే), దానికి ఆగమంటే ఆగమే. కనుక ఆ నాలుగు అక్షరాలనూ పార్సరుకు చేరకముందే తీసేయాలి. ఫైలు యూటీఎఫ్-16లో (అక్షరానికి కనీసం రెండు బైట్లు వాడే పద్ధతిలో) ఉండొచ్చు, కాబట్టి బైట్లలో వెతికితే దొరకదు. రీడరుతో అక్షరాలుగా మార్చాకే వడకట్టాలి.

గడువు దగ్గరపడిన జూనియర్లు మతభ్రష్టులై చేసే పని ఒకటుంది. స్టాక్స్ రీడరుతో (అడిగినప్పుడే తర్వాతి ముక్క ఇచ్చే పద్ధతితో) ఫైల్లో ముందుకు నడుస్తూ, ఓచర్ ట్యాగు దగ్గర ఆగి, ఆ ఒక్క ఓచరునే జాక్స్‌బీకి ఇస్తారు. మెమరీలో ఎప్పుడూ ఒక్కటే ఓచరు. జాక్స్‌బీకాంటెక్స్ట్ (జాక్స్‌బీ పనికి ముందు చేసే సన్నాహం) మాత్రం ఒక్కసారే కట్టి దాచుకుంటారు, ప్రతి ఓచరుకీ కొత్తది కడితే తెల్లారిపోతుంది. ఇందులోనూ ఒక గొయ్యి ఉంది: జాక్స్‌బీ పని ముగించేసరికి రీడరు మూసే ట్యాగు దాటి నిలబడి ఉంటుంది. ఓచరు బదులు దాని పైనున్న టాలీమెసేజ్ ట్యాగు దగ్గరే ఆగి, పని అయ్యాక అలవాటుగా నెక్స్ట్ అని తర్వాతి ముక్క అడిగితే, ట్యాగుల మధ్య ఖాళీ లేని ఫైల్లో ప్రతి రెండోదీ మాయం. టెస్టు ఫైలు చక్కగా లైన్లు విడగొట్టి ఉంటుంది గనుక టెస్టులన్నీ పచ్చగానే కనిపిస్తాయి.

మొత్తాలకు డబుల్ (పైసల్లో తేడా రాగల దశాంశ రకం) వాడకుండా బిగ్‌డెసిమల్ (కచ్చితమైన రకం) వాడడం, డెబిట్ మైనస్‌తో వస్తుందని గుర్తుంచుకోవడం, పరిమాణంలో అంకెకు యూనిట్ అంటుకుని ఉంటుంది కాబట్టి స్ట్రింగుగా దించి విడదీయడం — ఇవన్నీ గుమాస్తా పనులు, ఆర్కిటెక్టులు పట్టించుకోరు. తేదీ సంగతి మాత్రం పట్టించుకుంటే మంచిది. టాలీ తేదీని 20240401 అని గీతల్లేకుండా రాస్తుంది. లోకల్‌డేట్‌కి (జావా తేదీ రకానికి) మార్చే అడాప్టరు రాయకుండా ఫీల్డును ఎక్స్‌ఎంఎల్‌గ్రెగోరియన్‌క్యాలెండర్ (మరో తేదీ రకం) అని వదిలేస్తే, జావా దాన్ని తేదీ అనుకోదు, సంవత్సరం అనుకుంటుంది. బిల్లు రెండు కోట్ల రెండు లక్షల నలభై వేల నాలుగు వందల ఒకటో సంవత్సరంలో నమోదవుతుంది. జీఎస్టీ రిటర్నుకు అప్పటిదాకా బోలెడంత గడువు.