పైరుకు ముందు నేలకు పెట్టాలి

యూరియా చల్లిన కొద్ది రోజులకే పైరు నల్లబడి ఏపుగా లేస్తుంది. అది చూశాక ఇంకో బస్తా వేద్దామనిపించడం సహజం. రైతును తప్పుపట్టలేం. కళ్లకు కనిపించేది ఆకు, కనిపించనిది నేల.

యూరియాలో 46 శాతం నత్రజని ఉంటుంది. పైపైన చల్లి వదిలేస్తే అందులో కొంత అమ్మోనియాగా గాలిలో కలిసిపోతుంది. పెద్ద వాన పడితే మరికొంత నైట్రేట్‌గా మారి, వేళ్లకు అందనంత లోతుకు దిగి భూగర్భ జలాల్లో చేరుతుంది. ఇంకొంత నైట్రస్ ఆక్సైడ్ అవుతుంది. భూమిని వేడెక్కించడంలో ఆ వాయువు కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 270 రెట్లు బలమైనది. అదే మోతాదును రెండు మూడు దఫాలుగా, పదును చూసి, మట్టిలో కలిసేలా వేస్తే ఈ నష్టం చాలావరకు ఆగుతుంది. భాస్వరం కథ వేరు. అది అంత తేలిగ్గా ఎక్కడికీ పోదు. ఆమ్ల నేలల్లో ఇనుము, అల్యూమినియంతో, సున్నపు నేలల్లో కాల్షియంతో ముడిపడి మొక్కకు అందకుండా కూర్చుంటుంది.

వేసిన ఎరువు నేలలో నిలిచి పైరుకు అందాలంటే కీలకం సేంద్రియ కర్బనం, అంటే కుళ్లిన ఆకు అలము, పేడ లాంటి వాటి నుంచి మట్టిలో చేరే కర్బనం. అది తగ్గితే మట్టి గట్టిపడుతుంది, నీరు ఇంకదు, సూక్ష్మజీవులకు తిండి ఉండదు, వేసిన ఎరువూ నిలవదు. పంట కోశాక మోళ్లు తగలబెట్టడమంటే ఆ తిండిని చేతులారా కాల్చేయడమే. జనుము, జీలుగ లాంటి పచ్చిరొట్ట పైర్లను పూత దశలో కలియదున్నడం, చివికిన పశువుల ఎరువు వేయడం, పప్పుజాతి పంటలతో మార్పిడి చేయడం పాత పద్ధతులే. వాటిని మించినవి ఇప్పటికీ రాలేదు.

అలాగని రసాయనిక ఎరువులను ఒక్కసారిగా మానేయమని మేం చెప్పడం లేదు. 2021లో శ్రీలంక వాటి దిగుమతిని హఠాత్తుగా నిషేధించింది. పంటలు దెబ్బతిని, ఏడాది తిరగకుండానే వెనక్కి తగ్గింది. ఇంగ్లాండ్‌లోని రోథంస్టెడ్‌లో 1843 నుంచి ఒకే పొలంలో గోధుమ ప్రయోగం నడుస్తోంది. అక్కడ పశువుల ఎరువు మడి, తగిన రసాయనిక ఎరువుల మడి చాలా ఏళ్లు దాదాపు సమాన దిగుబడే ఇచ్చాయి. కానీ ఏ ఎరువూ వేయని మడితో పోలిస్తే, పశువుల ఎరువు పడిన మట్టిలో సేంద్రియ పదార్థం రెట్టింపుకు మించింది. రెండూ కలిపి వాడాలనడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

ఏది ఎంత వేయాలో చెప్పేది భూసార పరీక్షే. అయితే నమూనా సరిగా తీయాలి. గట్ల పక్కన, చెట్ల కింద, ఎరువు కుప్ప పోసిన చోట కాకుండా, పొలంలో పది చోట్ల జానెడు లోతు వరకు తీసిన మట్టిని కలిపి పంపాలి. విత్తనం పడ్డాక చేతికందే రిపోర్టు ఎందుకూ కొరగాదు. అంకెలతో నిండిన కాగితం చాలదు, ఏ ఎరువు ఎన్ని కిలోలు, ఎప్పుడు వేయాలో రైతు భాషలో రాసివ్వాలి. ఇది వ్యవసాయ శాఖల బాధ్యత.

ఎవరూ గట్టిగా మాట్లాడని విషయం కౌలు. పశువుల ఎరువులోని నత్రజని మొత్తం మొదటి ఏడాదే పంటకు అందదు, ఫలితం ఏళ్ల తరబడి వస్తుంది. వచ్చే ఏడాది ఈ పొలం తన చేతిలో ఉంటుందో లేదో తెలియని కౌలురైతు బండ్ల కొద్దీ ఎరువు ఎందుకు తోలిస్తాడు? కౌలు గడువు కనీసం నాలుగైదేళ్లు ఉండాలి. మధ్యలో ఖాళీ చేయాల్సి వస్తే, నేల బాగుకు పెట్టిన ఖర్చు అతనికి తిరిగి దక్కేలా ఒప్పందంలోనే రాయించాలి.