ఇంజను చల్లారనివ్వండి బాబూ

స్పార్క్ ప్లగ్గులు మార్చడం పది నిమిషాల పని అని మన శ్రీకాకుళంలో చాలామంది అనుకుంటారు. బానెట్ ఎత్తిన దగ్గర్నుంచి "తొందరగా కానిచ్చేయండి, అరసవల్లి వెళ్లాలి" అని మేస్త్రీని నిలబడనివ్వరు. నా కోపమంతా ఆ తొందర మీదే.

ఇప్పటి పెట్రోలు కార్లలో చాలావాటికి ప్రతి ప్లగ్గు మీదా నిప్పురవ్వకి కరెంటిచ్చే ఇగ్నిషన్ కాయిల్ దానికే ఉంటుంది. కనెక్టర్ లాక్ నొక్కి, బోల్టు విప్పి, కాయిల్‌ని కొద్దిగా తిప్పుతూ పైకి తీయాలి. ఏళ్ల తరబడి వేడికి ఆ ప్లాస్టిక్ లాక్ పెళుసెక్కిపోతుంది. గుంజితే పుటుక్కుమంటుంది.

ఈమధ్య ఒక షెడ్డులో చూశాను. ఇంజను మీద చెయ్యి పెట్టలేం, అంత వేడి. ప్లగ్గు గుంతలో ఇసుక. గాలి కొట్టకుండానే కుర్రాడు ప్లగ్గు విప్పేశాడు, కొత్తది బోల్టులు బిగించే గన్నుతో బిగించేశాడు. ఇదేంటని అడిగితే "ఏటవుతాది బాబూ" అన్నాడు. ఆ ఇసుక నేరుగా సిలిండర్లో పడుతుంది. ప్లగ్గు బిగించే ఇంజను పైభాగం, అంటే హెడ్డు, అల్యూమినియం; ప్లగ్గు ఉక్కు. థ్రెడ్ (మర) ఒకసారి అడ్డంగా ఎక్కిందా, హెడ్డు బాగుచేయించే పనే. ఆ బిల్లు ముందు ప్లగ్గుల ఖరీదు ఏ మూలకీ రాదు.

కొత్త ప్లగ్గు ముందు చేత్తోనే ఎక్కాలి. బిగుసుకుంటే వెనక్కి తిప్పి మళ్లీ మొదలుపెట్టాలి, బలం వాడకూడదు. చివర్లో టార్క్ రెంచ్‌తో (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపించే పానాతో), ఆ బండి మాన్యువల్లో ఉన్నంతే. పూత ఉన్న థ్రెడ్లకు గ్రీజు రాయొద్దని ప్లగ్గులు చేసే ఎన్‌జీకే కంపెనీయే చెబుతోంది, రాస్తే తెలియకుండానే ఎక్కువ బిగిసిపోతుంది.

ఇదే తొందర జేబుకీ చిల్లు పెడుతుంది. బండి మిస్సింగ్ కొడితే (ఏదో సిలిండర్లో పెట్రోలు సరిగ్గా మండకపోతే) "నాలుగు కాయిళ్లూ మార్చేద్దాం" అంటారు, మనం సరే అంటాం. ఎందుకు? బండి లోపాల కోడ్లు చదివే స్కానర్‌లో పీ0302 వస్తే రెండో సిలిండర్ అని అర్థం. ఆ కాయిల్‌ని మూడోదానికి వేసి చూడండి. కోడ్ పీ0303 అయితే పోయింది ఆ కాయిలొక్కటే. రెండులోనే ఉంటే ప్లగ్గో, పెట్రోలు చిమ్మే ఇంజెక్టరో, వైరింగో చూడాలి. అలాగని మిస్సింగ్‌తో తిరక్కండి. చెక్ ఇంజన్ లైటు ఆరుతూ వెలుగుతుంటే మండని పెట్రోలు పొగను శుభ్రం చేసే కెటలిటిక్ కన్వర్టర్‌ని పాడుచేస్తోందన్నమాటే.

అందుకే పొద్దున్నే బండి ఇచ్చేసి, ఇంజను చల్లారాకే పని మొదలుపెట్టమని చెప్పి, సాయంత్రం తీసుకోండి. పాత ప్లగ్గులు ఏ సిలిండర్‌వి ఆ వరసలోనే చూపించమనండి. కొన లేత గోధుమ రంగులో ఉంటే ఇంజను బాగున్నట్టు. ప్లగ్గు గుంతలో ఆయిల్ కనిపిస్తే ముందు వాల్వ్ కవర్ (హెడ్డు మీది మూత) సీళ్లు మార్పించండి, లేకపోతే కొత్త కాయిల్ రబ్బరు కూడా నాని పాడవుతుంది.