కనిపిస్తుంది, కానీ లేదు

లినక్స్ ఫైల్ మేనేజర్లను ఆడిపోసుకునేవాళ్లు ఈమధ్య మరీ ఎక్కువైపోయారు. ఫైలు కళ్లెదుటే ఉంటుందట, డబుల్ క్లిక్ చేస్తే "అలాంటి ఫైలేదీ లేదు" అంటుందట, పోనీ డిలీట్ చేద్దామంటే లేని ఫైలును ఎలా తీసేస్తారని ఎదురు తిరుగుతుందట. ఇందులో తప్పేముందో నాకైతే అర్థం కాలేదు. ఉన్నదాన్ని చూపించింది, లేనిదాన్ని లేదంది. రెండూ ఒకే ఫైలు కావడం మన ఖర్మ.

అసలు కెర్నల్‌కి, అంటే లినక్స్ గుండెకాయకి, పేరంటే బైట్ల వరుస, అంతే. స్లాష్ ఉండకూడదు, సున్నా బైటు ఉండకూడదు, డిస్కు మీద ఫైళ్లను సర్దే ఈఎక్స్‌టీ4 పద్ధతిలో అయితే 255 బైట్లు దాటకూడదు. ఆపైన అది ఏ భాషో, అసలు భాషేనా అన్నది దానికి అనవసరం. (అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతి యూటీఎఫ్-8లో మన 'క' ఒక్కటే మూడు బైట్లు తింటుంది, దానికి తలకట్టు తీసి కొమ్ము పెడితే ఇంకో మూడు. పొడుగు పేర్లు పెట్టేవాళ్లు చూసుకోండి.)

అందరూ యూటీఎఫ్-8కి మారిపోయారుగా అంటారా? కెన్ థాంప్సన్, రాబ్ పైక్ దాన్ని 1992లోనే తయారుచేసి పెట్టారు, నిజమే. ఆ కబురు పాత జిప్ ఫైళ్లకూ, పాత పెన్‌డ్రైవ్‌లకూ ఇంకా చేరలేదు. వాటిలో పేర్లు ఇంకా పాత పద్ధతుల్లోనే ఉంటాయి. ఉదాహరణకి, లాటిన్-1 అనే పాత పద్ధతిలో నెత్తిన గీత ఉన్న ఇంగ్లిష్ 'e' (é) అక్షరం ఒకే ఒక్క బైటు, హెక్సాలో (పదహారు అంకెల లెక్కలో) E9. అదే బైటు యూటీఎఫ్-8 లెక్కలో "ఆగండి, నా వెనకాల ఇంకో ఇద్దరు వస్తున్నారు" అని చెప్పినట్టు. తీరా చూస్తే వెనకాల వచ్చేది ఫైలు పేరు చివరి చుక్కా, టీఎక్స్‌టీ.

ఇక్కడే కొన్ని ఫైల్ మేనేజర్ల అసలు ప్రతిభ బయటపడుతుంది. అర్థంకాని బైటు తీసేసి, దాని స్థానంలో నల్ల డైమండ్‌లో ప్రశ్నార్థకం పెట్టి మనకు చూపిస్తాయి. క్లిక్ చేయగానే ఆ డైమండ్ ఉన్న పేరుతోనే వెళ్లి కెర్నల్‌ని అడుగుతాయి. ఆ పేరుతో అక్కడ ఎవరూ లేరు మరి! హాజరుపట్టీలో పేరు తానే తప్పు రాసుకుని, అలాగే పిలిచి, పలకలేదని ఆబ్సెంట్ వేసే మాస్టారి పద్ధతన్నమాట. గ్నోమ్ అనే లినక్స్ డెస్క్‌టాప్ వాళ్ల ఫైల్ మేనేజర్ మాత్రం అసలు బైట్లు దాచుకుని, పేరు పక్కన చెల్లని ఎన్‌కోడింగ్ అని ముద్ర కొట్టి, ఫైలు తెరిచేస్తుంది. ఇంత నిజాయితీ ఉంటే వ్యవస్థ నడుస్తుందా?

కన్వ్ఎంవీ అని ఒక కమాండ్ ఉంది, పేర్లను సరిచేస్తుంది. అదీ ముందు ఏమేం మారుస్తుందో మొత్తం చదివి వినిపించి, ఒక్క పేరూ మార్చకుండా కూర్చుంటుంది. నోటెస్ట్ అని విడిగా చెప్తేనే కదులుతుంది. తెగించినవాళ్లు ఎల్ఎస్ కమాండ్‌తో ఐనోడ్ నంబరు (ప్రతి ఫైలుకూ డిస్కు లోపల ఉండే నంబరు) కనుక్కుని, ఫైండ్ కమాండ్‌కి ఆ నంబరిచ్చి ఫైలును లేపేస్తున్నారు. పేరు ఎంత పాడైనా నంబరుకి ఏ ఇబ్బందీ లేదు.

కాబట్టి నా డిమాండ్ ఒక్కటే: ఫైళ్లకు పేర్లు పెట్టడం తక్షణం రద్దు చేసి ఐనోడ్ నంబర్లే వాడాలి. వేరే డిస్కుకి కాపీ చేస్తే నంబరు మారిపోతుంది కదా అంటారేమో, దానికో కమిటీ వేద్దాం.