ఎర్రచందనం కాయ: మడిలోనా, నేరుగా సంచిలోనా?

(ఇద్దరూ నర్సరీ నడిపేవాళ్లే. అన్న నారుమడి పక్షం, తమ్ముడు సంచి పక్షం.)

తమ్ముడు: ఎర్రచందనానికి తల్లివేరే ప్రాణం అన్నా. మడిలో మొలిపించి మళ్లీ నాటితే అది వంగుతుంది. 6×9 అంగుళాల సంచిలో నేరుగా రెండేసి కాయలు పెడితే నిటారుగా దిగుతుంది.

అన్న: కాయలో గింజ ఉంటే కదా దిగేది! పైకి నిండుగానే కనపడుతుంది, కోస్తే పొల్లు. కాయ చుట్టూ పల్చటి రెక్క ఉండటంతో మంచి కాయా నీళ్లలో తేలుతుంది కాబట్టి తేల్చి ఏరడం కుదరదు. మొలవని సంచులకు మట్టి, ఎరువు, కూలీ అన్నీ దండగే.

తమ్ముడు: అందుకే ముందు 20 కాయలు కోసి చూడాలి. పప్పు తెల్లగా, గట్టిగా ఉంటేనే ఆ కాయలు కొనాలి. రెక్క కత్తిరించి 3 రోజులు చన్నీళ్లలో నానబెట్టాలి. రోజూ నీళ్లు మార్చకపోతే పులిసి గింజ కుళ్లుతుంది.

అన్న: నానబెట్టినా అన్నీ ఒకేసారి మొలవవు. కొన్ని రెండు వారాలకు, కొన్ని నెల దాటాక. మడిలో వచ్చినవాటిని వచ్చినట్టు తీసుకోవచ్చు. కాయ మునిగేంత ఇసుక కప్పి, వరిగడ్డి పరిచి, మొలక కనపడగానే గడ్డి తీసేయాలి.

తమ్ముడు: మరి మొక్క తీసేటప్పుడు?

అన్న: ఆలస్యం చేస్తేనే వేరు చెడేది. రెండు ఆకులు విచ్చుకోగానే, సాయంత్రం పూట, మడి బాగా తడిపి పుల్లతో కింది నుంచి లేపాలి. ఆకు పట్టుకోవాలి, కాడ కాదు. లేత కాడ నలిగితే మొక్క దక్కదు. సంచిలో వేరుకన్నా లోతుగా గుంత చేసి, వేరు దింపి, కాస్త పైకి లాగి మట్టి అదమాలి. వేరు తిన్నగా సర్దుకుంటుంది.

తమ్ముడు: నువ్వు పక్కనే ఉంటే అలాగే చేస్తారు. వందల మొక్కలు నాటే కూలీకి అంత తీరికెక్కడిది? కొక్కెంలా మడిచి కుక్కిన వేరు నర్సరీలో తెలియదు, కొన్నేళ్లకు పొలంలో చెట్టు ఒరిగినప్పుడు బయటపడుతుంది. రైతుకు ఆ నష్టం ఎవరిస్తారు?

అన్న: నీ సంచిలో రెండూ మొలిస్తే? ఒకటి పీకి ఖాళీ సంచిలో నాటితే అదీ నా పద్ధతే.

తమ్ముడు: పీకను, మొదలంటా కత్తిరిస్తా. ఖాళీ సంచిలో మళ్లీ నానబెట్టిన కాయే.

అన్న: సరే, మట్టి సంగతి? శేషాచలం, వెలిగొండ కొండల రాతినేలలో పెరిగే చెట్టుకు నల్లరేగడి నింపితే నీరు నిలిచి నారుకుళ్లు వస్తుంది.

తమ్ముడు: అందులో తగువే లేదు. రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు ఇసుక, ఒక పాలు బాగా చివికిన పశువుల ఎరువు. కానీ సంచుల్ని నేల మీదే వదిలేస్తే వేరు అడుగు చిల్లుల్లోంచి భూమిలోకి పోతుంది. నెలకోసారైనా జరపాలి.

అన్న: ఆ పని నా మొక్కలకూ తప్పదు. జరిపిన రెండు మూడు రోజులు మాత్రం నీడలో ఉంచి, నీళ్లు తప్పకుండా పెట్టు.